మధుర స్థానాపతి విన్నపము

రాచకార్యాలు నడిపిన ఉద్యోగి పదవి విరమించిన పిమ్మట తన అనుభవాలను గ్రంథంగా వ్రాస్తే, అచ్చుకు ముందు దానిని ప్రభుత్వంవారు చూడవలెనా? ఈ తగవు పత్రికలలో తరచు కనబడుతున్నది. ఇంగ్లండులో రాయబారుల గ్రంథాలను విదేశాంగశాఖ ముందుగా చూడడం ఆచారం. తాష్కెంటులో రాయబారిగా ఉండిన క్రెయిగ్ మర్రే తన పుస్తకాన్ని 2006లో వెలువరించడానికి ఆ శాఖతో పెనుగులాడవలసి వచ్చినది. మన దేశంలో గూఢచారి, భద్రతా సంస్థలలో పనిచేసి విరమించినవారు తమ సంస్థ విషయాలు వ్రాయాలంటే అధిపతి అనుమతి ముందే పొందాలని 2021 మే 31న పెన్షను నిబంధనలు సవరించినారు. తప్పితే పెన్షనుకే ఎసరు! పెన్షను మాట వింటే మావంటి రైల్వే గుమాస్తాలకు గుండె ఝల్లుమంటుంది. చరిత్ర వ్యాసాలకు ఆ భయం లేదు లెండి.

ఈ తగవు చదివినప్పుడల్లా మన మధురలో పుట్టిన రాయవాచకము మాకు జ్ఞాపకం వస్తుంది. జయంతి రామయ్య పంతులుగారు పరిష్కరించిన ఈ గ్రంథం పద్యకావ్యం కాదు. నాటి కచేరీలలో మాట్లాడుకొనే తెలుగుకు దగ్గరైన వచనం. విజయనగరంలో ఉన్న స్థానాపతి, మధురలోని తన యేలిక విశ్వనాథనాయకునికి, కృష్ణరాయల సంగతులు విన్నవించినట్లు సాగుతుంది. విజాపురం, అహమ్మదునగరం, గోలకొండల నుండి వేగులవారు తెచ్చిన వార్తలు, అప్పాజీ ఆలోచనలు, గజపతిపై దండయాత్ర, అన్నీ అందులో ఉన్నవి. స్థానాపతి కల్పిత ఉద్యోగి కాడు. నాయకులు తమ వ్రాయసగాండ్రను రాజధానిలో ఉంచి, రాజు ఏమి చేస్తున్నదీ ఎప్పటికప్పుడు తెలుసుకొనేవారని పోర్చుగీసు గుర్రాల వర్తకుడు నూనిజ్ కూడా వ్రాసినాడు.

అయితే ఒక చిక్కు. కృష్ణరాయలు గతించినది 1529లో. విశ్వనాథుని మధుర పాలన సాధారణంగా లెక్కించేదీ ఆ సంవత్సరం నుండే. మరి ఆ విన్నపం అందుకొన్నది ఏ మధురలో? దీనిని 1993లో ఇంగ్లీషు చేసిన ఫిలిప్ వాగనరు, ఇది రాయలనాటిది కాదనీ, పదహారవ శతాబ్దం చివర మధుర దర్బారులోనే పుట్టినదనీ వాదించినాడు. 1565 యుద్ధంతో విజయనగరం పాడుపడింది. రాజులు పెనుగొండకు, పిమ్మట చంద్రగిరికి తరలినారు. ఆ కొత్త రాజులకు తలవంచడం మధురవారికి భారమైనది. తమ అధికారం సాక్షాత్తు కృష్ణరాయల నుండి, ఆ మహానగరం నుండి వచ్చినదని చెప్పుకోవాలి. అందుకు పాతకాలపు స్థానాపతి నోరు కావలసివచ్చినది. నేటి సర్కారు వ్రాసినదానిని కొట్టివేస్తుంది. నాటి దర్బారు వ్రాయవలసినదే స్థానాపతి నోట పెట్టినది.

ఈ మాట మన పెద్దలలో కొందరికి కష్టం కలిగించవచ్చును. మన సభలలో రాయల మాటలుగా చెప్పుకొనేవానిలో కొన్ని మధురలో కట్టినవే కావచ్చునని ఒప్పుకోవడం సులభం కాదు, మాకూ కాలేదు. కాని నగరం కూలిన తరువాత దాని కీర్తిని తలచుకొంటూ ఈ ఊళ్లో తెలుగువారు దానిని ఎట్లా ఊహించుకొన్నారో తెలిపే పుస్తకం వేరే ఏది?

బంధువులు వస్తే తిరుమలనాయకుని మహలు చూపిస్తాము. మన పిల్లలు ఇంట తెలుగు మాట్లాడినా అక్షరాలు తమిళంలోనే నేర్చుకొంటున్నారు. ఉగాది వెళ్లిన ఆదివారం నుండి సంఘంలో రాయవాచకము ఎవరైనా చదివి వినిపిస్తామంటే, డ్యూటీ లేని రోజున మేమూ వచ్చి కూర్చుంటాము.