క్లారెన్స్ క్లెమన్స్: ఈ స్ట్రీట్ బ్యాండ్‌కు ఊపిరైన శాక్సఫోన్

అమెరికన్ రాక్ గాయకుడు బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ వెంట దాదాపు నాలుగు దశాబ్దాల పాటు శాక్సఫోన్ వాయించిన కళాకారుడు క్లారెన్స్ క్లెమన్స్ (1942–2011). భారీ విగ్రహం కారణంగా అభిమానులు ఆయనను ‘బిగ్ మ్యాన్’ అని పిలుచుకున్నారు. 1950లలో రాక్ అండ్ రోల్‌కు ప్రాణంగా నిలిచిన శాక్సఫోన్, ఆ తరువాతి దశకంలో గిటార్ జోరుకు వెనుకబడింది. దానిని తిరిగి వేదిక మధ్యకు తెచ్చినవారిలో ఆయన ముఖ్యులు.

బాల్యం, తొలి అడుగులు

క్లెమన్స్ 1942 జనవరి 11న వర్జీనియా రాష్ట్రంలో జన్మించారు. తండ్రి చేపల వ్యాపారి. తొమ్మిదో ఏట క్రిస్మస్‌కు బొమ్మరైలు వస్తుందని ఎదురుచూసిన బాలుడికి తండ్రి ఆల్టో శాక్సఫోన్ ఇచ్చారు. అనంతరం కింగ్ కర్టిస్ వాదనం విని టెనర్ శాక్సఫోన్ వైపు మళ్లారు. ఫుట్‌బాల్ వృత్తిలో స్థిరపడాలన్న ఆశకు కారు ప్రమాదం తెరదించింది. న్యూజెర్సీలోని బాలల సంస్కరణ కేంద్రంలో కౌన్సెలర్‌గా పనిచేస్తూ క్లబ్బుల్లో వాయించేవారు. స్ప్రింగ్‌స్టీన్‌తో పరిచయం 1971లో ఆస్బరీ పార్క్ పట్టణంలో జరిగింది.

ఒక అట్ట, ఒక స్వరం

1975లో వెలువడిన ‘బార్న్ టు రన్’ ఆల్బమ్ ముందు అట్టపై స్ప్రింగ్‌స్టీన్ ఒక భుజంపై వాలి నవ్వుతూ కనిపిస్తారు. ఆ భుజం ఎవరిదో తెలియాలంటే అట్టను పూర్తిగా తెరవాలి. వెనుక వైపు శాక్సఫోన్‌తో క్లెమన్స్ ఉంటారు. జాతి వివక్షను నిషేధించిన 1964 నాటి పౌరహక్కుల చట్టానికి అప్పటికి పదకొండేళ్లే. శ్రోతల్లో అత్యధికులు శ్వేతజాతీయులైన వేదికపై ఒక నల్లజాతి కళాకారుడు గాయకుడికి సమఉజ్జీగా నిలవడం నాడు అరుదైన దృశ్యం.

ఆయన వాదనంలో జాజ్ గమకాల సంక్లిష్టత కంటే నిండైన నాదానికి, పాడుకోదగిన స్వరాలకు ప్రాధాన్యం. ఇదే ఆల్బమ్‌లోని ‘జంగిల్‌ల్యాండ్’లో రెండు నిమిషాలకు పైగా సాగే శాక్సఫోన్ ఘట్టానికి సుమారు 16 గంటల రికార్డింగ్ అవసరమైంది. ప్రతి స్వరాన్నీ ఇద్దరూ కలిసి సరిచూసుకున్నారు.

బ్యాండ్‌కు వెలుపల

1985లో అరీతా ఫ్రాంక్లిన్ ‘ఫ్రీవే ఆఫ్ లవ్’కు, 2011లో లేడీ గాగా ‘ది ఎడ్జ్ ఆఫ్ గ్లోరీ’కి ఆయన వాయించారు. 1989లో స్ప్రింగ్‌స్టీన్ బృందాన్ని రద్దు చేసినప్పుడు రింగో స్టార్ పర్యటనలో పాల్గొన్నారు. దశాబ్దం తరువాత పాత మిత్రులతో మళ్లీ కలిశారు. పుదుచ్చేరి అరవిందాశ్రమంలో సాధన చేసి న్యూయార్క్‌లో స్థిరపడిన శ్రీ చిన్మయ్‌కు ఆయన శిష్యుడు. గురువు ఆయనకు ‘మోక్షగుణ్’ అని పేరు పెట్టారు.

మరణం, వారసత్వం

పక్షవాతానికి గురైన ఆరు రోజులకు, 2011 జూన్ 18న ఫ్లోరిడాలో క్లెమన్స్ కన్నుమూశారు. వయసు 69. మరుసటి ఏడాది పర్యటనలో ఆయన స్థానాన్ని ఒక్క వ్యక్తితో భర్తీ చేయలేదు. వాయు వాద్యకారుల బృందాన్నే చేర్చుకున్నారు. శాక్సఫోన్ ఘట్టాలు మాత్రం ఆయన సోదరుడి కుమారుడు జేక్ క్లెమన్స్‌కు దక్కాయి. క్లెమన్స్ రాకను చెప్పే పాటలో ఆ చరణం వద్ద సంగీతం ఆగేది. ఆ క్షణాలు శ్రోతల హర్షధ్వానాలతో నిండేవి. 2014లో ఈ స్ట్రీట్ బ్యాండ్‌కు రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం లభించినప్పుడు ఆయన పేరూ అందులో చేరింది.