ఇల్లున్న నిరాశ్రయులు

జనాభా లెక్కలవాళ్ళ దృష్టిలో ఇల్లంటే పైకప్పున్న కట్టడం. అది లేకుండా రోడ్డు పక్కనో, ఫ్లైఓవర్ కిందో, సిమెంటు గొట్టంలోనో, గుడి మంటపంలోనో, రైల్వే ప్లాట్‌ఫారం మీదో బతికేవాళ్ళు ఇల్లు లేనివాళ్ళు. 2011 ఫిబ్రవరి 28 రాత్రి వాళ్ళను వెతికి లెక్కపెట్టారు. దేశం మొత్తం మీద 17.7 లక్షల మంది తేలారు. కామారెడ్డి బస్టాండులో, స్టేషన్లో ఆ రాత్రి పడుకున్న కొద్దిమంది ఆ లెక్కలోకి వచ్చే ఉంటారు. కానీ మొగుడు వదిలేస్తే తల్లిగారింటికి వచ్చి, అన్నావదినెల వసారాలో చాట ముందు పెట్టుకుని బీడీలు చుట్టుకుంటున్న ఆడమనిషి రాలేదు. ఆమె నెత్తి మీద కప్పుంది. అది ఎవరి కప్పు అన్న ప్రశ్న ఆ ఫారంలో లేదు.

ఈ ప్రశ్న మనకే కొత్త కాదు. అమెరికాలో ఏటా జనవరిలో ఒక రాత్రి నిరాశ్రయుల్ని లెక్కపెడతారు. 2024లో అక్కడ తేలిన సంఖ్య 7,71,480. అంత సంపన్న దేశంలో అంతమందా అని మనం నోరు వెళ్ళబెడతాం. నన్ను ఆలోచింపజేసింది ఆ సంఖ్య కాదు. గతిలేక బంధువుల ఇళ్ళలో, స్నేహితుల ఇళ్ళలో ఇరుక్కుని ఉంటున్నవాళ్ళు ఆ లెక్కలోకి రారు. అదే దేశంలో విద్యాశాఖ మాత్రం అలాంటి కుటుంబాల పిల్లల్ని నిరాశ్రయులుగానే గుర్తించి బడిలో చేర్చుకుంటుంది. ఒకే ప్రభుత్వం, ఒకే పిల్ల. ఒక శాఖకు ఇల్లుంది, ఇంకో శాఖకు లేదు. మన దగ్గర ఆ పాటి తగాదా కూడా లేదు. ఆడపిల్ల ఎప్పుడూ ఎవరో ఒకరి ఇంట్లో ఉంటుందన్నది మనకు సహజసూత్రం.

భాషలోకి తొంగిచూస్తే ఈ సహజత్వం ఎక్కడినుంచి వచ్చిందో కొంత తెలుస్తుంది. పుట్టిల్లు, అత్తిల్లు, తెలంగాణలో తల్లిగారిల్లు, అత్తగారిల్లు. ఆమెకున్న ఇళ్ళన్నిటికీ ముందు ఇంకొకరి పేరో, సంబంధమో ఉంటుంది. ఇల్లు అన్న మాటలోంచే ఆమెకు ఇల్లాలు అని పేరు పెట్టారు కానీ, ఆ పేరు హక్కు పత్రం కాదు. మగవాడు పెళ్ళాం ఇంట్లో ఉంటే మాత్రం దానికి ఇల్లరికం అని ప్రత్యేకంగా ఒక మాట కావలసి వచ్చింది. అది అరుదు, పైగా కాస్త నామోషీ. స్త్రీలందరూ జీవితాంతం చేసే పనికి పేరు అక్కర్లేదు, మగవాడు ఎప్పుడో ఒకసారి చేస్తే పేరు పెట్టాలి.

ఎల్లారెడ్డి ప్రాంతంలో ఇళ్ళు పోవడం గురించి మాట్లాడేటప్పుడు నిజాంసాగర్ దగ్గర మొదలుపెట్టక తప్పదు. అచ్చంపేట, బంజేపల్లి ఊళ్ళ మధ్య మంజీర మీద 1923లో మొదలై 1931లో పూర్తయిన ఆనకట్ట అది. మీర్ ఉస్మాన్ అలీఖాన్ పాలన, అలీ నవాజ్ జంగ్ ఇంజనీరింగ్. 2.75 లక్షల ఎకరాలకు నీళ్ళివ్వాలని సంకల్పం. ఆ నీళ్ళే బాన్సువాడను, బోధన్‌ను పచ్చగా చేశాయి. ఆ నీళ్ళ మీదే 1937లో బోధన్ చక్కెర ఫ్యాక్టరీ లేచింది. కోస్తా జిల్లాల నుంచి రైతులొచ్చి భూములు కొని, ‘క్యాంపు’ అన్న మాట తోకగా ఉన్న ఊళ్ళు కట్టుకున్నారు. స్థానిక చరిత్రలన్నీ ఈ పచ్చదనాన్ని ఇష్టంగా రాస్తాయి. ఆనకట్ట కోసం నలభై ఊళ్ళు ఖాళీ చేయించారన్న సంగతి మాత్రం ఒక్క వాక్యంలో ముగుస్తుంది.

ఆ ఒక్క వాక్యం నన్ను చాలాకాలంగా వదలడం లేదు. నలభై ఊళ్ళంటే ఎన్ని పొయ్యిలు, ఎన్ని బావిగట్లు, ఎన్ని పోచమ్మ గుళ్ళు? హైదరాబాద్ రాజ్యానికి భూసేకరణ చట్టం అప్పటికే ఉంది, 1309 ఫస్లీ నాటిది. చట్టం ప్రకారం పరిహారం హక్కుదారుకి. హక్కుదారంటే పట్టాదారు. పట్టా లేని కౌలుదారుకి, పాలేరుకి, జీతగాడికి ఆ కాగితంలో చోటు లేదు. ఇక పట్టాదారు ఇంట్లోని స్త్రీకి? తండ్రి పట్టాలోనూ మొగుడి పట్టాలోనూ లేని మనిషి తన ఊరు మునిగిపోతుంటే ఏం పోగొట్టుకున్నట్టు? రెవెన్యూ భాషలో ఏమీ పోగొట్టుకోనట్టే. ఆమె పోగొట్టుకున్నవాటికి, అంటే పక్కింటి బదులుకి, కష్టకాలంలో చేటెడు జొన్నలిచ్చే చేతికి, పురుడుపోసే మంత్రసానికి సర్వే నంబర్లుండవు. అలాంటప్పుడు చరిత్ర రాయాలంటే ఆధారాలేవి అని అడుగుతారు. ఆధారం లేకపోవడమే ఇక్కడ ఒక ఆధారమని నేను అనుకుంటాను. ఆమె పేరు లేని జాబితాని ఎవరు, ఎందుకు అలా తయారుచేశారో ఆ జాబితాయే చెబుతోంది.

1986లో స్త్రీశక్తి సంఘటన ‘మనకు తెలియని మన చరిత్ర’ తెచ్చినప్పుడు సాయుధ పోరాటంలో స్త్రీల గొంతులు మొదటిసారి మనకు అంత దగ్గరగా వినిపించాయి. ఆ పుస్తకం చదివినవాళ్ళకి పోరాటం అయిపోయాక వాళ్ళను ఇళ్ళకు వెళ్ళమనడం గుర్తుండే ఉంటుంది. ఏ ఇంటికి అన్నది వాళ్ళ సమస్యగానే మిగిలింది. అది ఎక్కువగా నల్లగొండ, వరంగల్ వైపు కథ. నిజామాబాద్ వైపు మునిగిన ఊళ్ళ స్త్రీలను ఎవరూ టేపు రికార్డరు పట్టుకుని అడగలేదు. అడగవలసిన తరం ఇప్పుడు లేదు. వాళ్ళ మనవరాళ్ళు చెప్పేది కూడా ఎక్కువగా మగవాళ్ళ పేర్లతోనే ఉంటుంది: మా తాతకు ఇంత భూమి ఉండె, నీళ్ళల్ల పోయె.

ఇంకో విచిత్రం. నిజాంసాగర్ మొదటి సామర్థ్యం దాదాపు 29.7 టీఎంసీలు. పూడిక పేరుకుని అది 11.8కి పడిపోతే, ఎత్తు పెంచి 17.8కి తెచ్చారు. ఆ తర్వాత ఎగువన సింగూరు వచ్చింది. మంజీర నీళ్ళు హైదరాబాద్ కుళాయిల దారి పట్టాయి. బోధన్ ఫ్యాక్టరీ 2015 డిసెంబరులో మూతపడింది. కామారెడ్డి, ఎల్లారెడ్డి చుట్టూ ఉన్న మెట్ట ఊళ్ళు ఎక్కువభాగం మొదటినుంచీ ఆ కాలువలకు బయటే ఉన్నాయి. పోచారం కింద కొంత పారకం, మిగతాది చెరువులు, బోర్లు, అప్పులు. బోరు ఎండితే మగవాడు దుబాయి విమానం ఎక్కుతాడు, ఆడది బీడీ చాట ముందు కూర్చుంటుంది. డెబ్భైల నుంచీ ఈ ప్రాంతపు ఆర్థిక చరిత్రను ఇంతకన్నా కుదించి చెప్పడం నాకు చేతకాదు.

బీడీ గురించి మాత్రం కుదించలేను. తునికాకు నానబెట్టి, అచ్చు పెట్టి కత్తెరతో కత్తిరించి, తంబాకు పోసి, చుట్టి, దారం కట్టి, మూతి మడవాలి. ఇరవై అయిదు బీడీలు ఒక కట్ట. కూలి వెయ్యికి లెక్క. సరిగా లేవని తీసిపారేసినవి కూలిలోకి రావు, కానీ తీసేసినవీ ఎక్కడో అమ్ముడవుతూనే ఉంటాయి. ఆకు తక్కువ ఇచ్చి బీడీలు నిండుగా అడిగితే మిగతా ఆకు ఆమే కొనుక్కోవాలి. 1966 నాటి బీడీ, సిగార్ కార్మికుల చట్టం కార్ఖానాల్లో గాలీ వెలుతురూ ఉండాలని చెప్పింది. కానీ పని చాలావరకు ఇళ్ళలోకే చేరింది. సేటుకి షెడ్డు అద్దె మిగిలింది, ఆమె ఇల్లే కార్ఖానా అయింది. తంబాకు ఘాటు పిల్లవాడి ఉయ్యాల దాకా వెళ్తుంది. ఇల్లే పనిచోటైన మనిషికి ఇల్లు పోవడమంటే పనీ పోవడమే. ఇది మన కార్మిక చరిత్రలో సరిగా నమోదు కాలేదు.

ఈ ఊళ్ళలో పెళ్ళిచూపుల్లో పిల్లకు బీడీలు వచ్చా, కంపెనీ కార్డుందా అని అడిగేవాళ్ళు. కార్డంటే పీఎఫ్, కార్డంటే నెలనెలా వచ్చే డబ్బు. కట్నం ఇచ్చి కూడా కార్డుతో వెళ్ళిన పిల్ల, ఇరవై ఏళ్ళు చుట్టి చుట్టి అత్తగారింటి గోడలు లేపుతుంది. మొగుడు దుబాయి నుంచి పంపిన డబ్బుతో స్లాబు పడుతుంది. ఆ ఇల్లు మామ పేర ఉన్న జాగలో ఉంటుంది. గల్ఫ్‌లో ఇళ్ళల్లో పని చేయడానికి వెళ్ళాలంటే ఆడమనిషికి ముప్పై ఏళ్ళు నిండాలని మన వలస నిబంధన. ఈ ప్రాంతం నుంచి వెళ్ళేది ఎలాగూ ఎక్కువగా మగవాళ్ళే. ఏజెంటు చేతిలో మోసపోయి ఉత్తచేతులతో తిరిగొచ్చినా, శవమై పెట్టెలో వచ్చినా, అప్పు మాత్రం ఇంటిదే. ఆ ‘ఇల్లు’ అన్న మాటలో అప్పుడు ఆమె తప్పకుండా ఉంటుంది. రైతు ఆత్మహత్యల పరిహారం కోసం 2004లో జీవో 421 వచ్చింది, అప్పుడది లక్షన్నర. 2015లో తెలంగాణలో ఆరు లక్షలైంది. చనిపోయినవాడు కౌలు రైతా, పట్టా ఉందా అని అధికారులు అడుగుతూనే ఉన్నారు. పత్తి ఏరిన, కలుపు తీసిన భార్య రైతా కాదా అని ఎవరూ అడగలేదు.

చట్టం మాట. 1956 హిందూ వారసత్వ చట్టంలో 23వ సెక్షన్ అని ఒకటుండేది. కూతురు నివాస గృహంలో వాటా పంచమని అడగకూడదు, మగ వారసులు పంచుకోవాలనుకున్నప్పుడే ఆమెకు వాటా. అప్పటిదాకా అందులో ఉండే హక్కు మాత్రం ఉంటుంది, అదీ పెళ్ళికాని, విడిపోయిన, వదిలివేయబడిన, వితంతువైన కూతురికే. మన రాష్ట్రం 1985 సెప్టెంబరు 5 నుంచే, దేశంకన్నా ఇరవై ఏళ్ళు ముందు, పెళ్ళికాని కూతుళ్ళను ఉమ్మడి ఆస్తిలో సమాన వాటాదారుల్ని చేసిందని గర్వంగా చెప్పుకుంటాం. ఆ ఇరవై ఏళ్ళూ 23వ సెక్షన్ బతికే ఉంది. పొలంలో సమానత్వం వచ్చింది, గడప దగ్గర ఆగిపోయింది. 2005 సవరణతో ఆ సెక్షన్ పోయింది. అదే ఏడాది వచ్చిన గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లోకొచ్చి, కలిసి కాపురమున్న ఇంట్లో ఉండే హక్కు ఇచ్చింది. రెండు నెలలు తిరగకుండానే బాత్రా కేసులో సుప్రీంకోర్టు, అత్తమామల పేర ఉన్న ఇల్లు ఆ లెక్కలోకి రాదంది. ఆ తీర్పు తప్పని అదే కోర్టు అహూజా కేసులో చెప్పేసరికి 2020 అక్టోబరు వచ్చింది. ఆ పద్నాలుగేళ్ళలో ఎంతమంది అత్తగారి గడప బయట నిలబడ్డారో ఏ లెక్కలవాళ్ళూ రాసుకోలేదు. ఇప్పుడు చట్టం ఉంది కదా, వాటా అడగొచ్చు కదా అంటే ఎల్లారెడ్డి దగ్గర ఒక నడివయసు బీడీ కార్మికురాలు నవ్వి ఊరుకుంది. అడిగితే వాటా వస్తుందేమో, బతుకమ్మకు పిలిచే అన్న పోతాడు. మొగుడు వదిలేసిన మనిషికి వెనక్కి వెళ్ళడానికి ఉన్న ఒక్క చోటునీ వ్యాజ్యంలో పెట్టమని చెప్పడం సులువే, చెప్పేవాళ్ళకు.

2014 ఆగస్టు 19న సమగ్ర కుటుంబ సర్వే జరిగింది. అందరూ ఆ రోజు తమ ఇంట్లో ఉండాలన్నారు, బస్సులు కూడా ఆగిపోయాయి. ముంబై నుంచి, భీవండి నుంచి మగవాళ్ళు ఊళ్ళకొచ్చారు. విడిపోయిన స్త్రీలు ఏ ఇంట్లో ఉండాలి? తల్లిగారింటి కార్డులో రాయించుకుంటే అక్కడ ఒక నోరు, అత్తగారింటి కార్డులో ఉంటే అక్కడ ఒక పేరు. ఇదేదో సాంకేతిక విషయం అనిపిస్తుంది కానీ, పింఛన్లన్నీ ఆ కుటుంబం లెక్క మీదే నడుస్తాయి. 2015 నుంచి బీడీ కార్మికులకు నెలకు వెయ్యి రూపాయల జీవన భృతి, 2019 నుంచి 2,016. అయితే 2014 ఫిబ్రవరి 28 నాటికి పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్ళకే. టేకేదారు పీఎఫ్ కట్టకుండా ఇంకొకరి కార్డు మీద బీడీలు చుట్టించుకున్న స్త్రీలు, వాళ్ళు చాలామందే, అసలు కార్మికులే కాకుండా పోయారు. ఒంటరి మహిళలకు 2017లో విడిగా భృతి వచ్చింది. ఒంటరినని నిరూపించుకోవడం ఇంకో కథ. ఊరి పెద్దల ముందు మొగుడు వదిలేశాడని పదేపదే చెప్పుకోవాలి.

బీడీ కార్మికుల సంక్షేమ నిధి నుంచి ఇంటికి సాయం కూడా ఉండేది. దానికీ జాగ కాయితం చూపించాలి. ఆ నిధికి ఆధారమైన సెస్సు 2017లో జీఎస్టీతోపాటు రద్దయింది. ఇందిరమ్మ పథకంలో 2006 నుంచి ఇల్లు స్త్రీ పేర మంజూరు చేయడం మొదలైంది. ఇది చిన్న విషయం కాదు, మన ఉద్యమాలు ఎన్నాళ్ళో అడిగినదే. ఆ పేరు మీద గోడలైనా లేచినవాళ్ళు, మొగుడు తాగొచ్చి బయటికి పొమ్మంటే నువ్వే పో అనగలిగారు. అలా అన్నవాళ్ళను నేను చూశాను కూడా. డబుల్ బెడ్‌రూం ఇళ్ళ దగ్గర ఎదురుచూపులే ఎక్కువ.

కామారెడ్డి 2016 అక్టోబరు 11న జిల్లా అయింది, ఎల్లారెడ్డి రెవెన్యూ డివిజన్ అయింది. కలెక్టరేటు వస్తే జాగల ధర ఎక్కడికో వెళ్ళింది. గజాల లెక్కన అమ్మే ఊళ్ళో బీడీల వెయ్యి కూలి ఎక్కడ సరిపోతుంది? 2023 జనవరిలో మాస్టర్ ప్లాన్‌లో తమ పొలాలను పారిశ్రామిక జోన్‌లో చూపారని అడ్లూర్ ఎల్లారెడ్డి, చుట్టుపక్కల ఊళ్ళ రైతులు కలెక్టరేటు ముందు కూర్చున్నారు. ఒక రైతు ప్రాణం పోయాక మునిసిపాలిటీ ఆ ముసాయిదాను వెనక్కి తీసుకుంది. మ్యాపు మీద రంగు మారితేనే భూమి పోతుందని ఆ రైతులకు అర్థమైంది. రంగు వేసే మ్యాపులో మొదటినుంచీ లేనివాళ్ళ సంగతి ఎవరూ ఎత్తలేదు.

2024 మార్చి 11న భద్రాచలంలో కొత్త ఇందిరమ్మ ఇళ్ళ పథకం మొదలైంది. ఇంటికి అయిదు లక్షలు, పత్రం స్త్రీ పేర, మొదటి విడతలో సొంత జాగ ఉన్నవాళ్ళకు. గ్రామసభలో జాబితా చదువుతుంటే ముందు వరసలో కూర్చున్నవాళ్ళలో చాలామందివి బీడీ వేళ్ళే, కత్తెర కాయలు కాసినవి. జాగ మామ పేర ఉన్న కోడలు మామ సంతకం కోసం వెళ్ళాలి, మామ తన కొడుకులందర్నీ అడగాలి. తల్లిగారింట్లో ఉంటున్నామెను ఆ ఊరి కోడలు కాదు కదా అన్నారు. అత్తగారి ఊళ్ళో అడిగితే ఇక్కడ ఉండట్లేదు కదా అన్నారు. ఆమె దరఖాస్తులో చిరునామా అన్నచోట రెండు ఊళ్ళ పేర్లూ రాసి, రెండూ కొట్టేసి ఉన్నాయి.