తప్పు ఎవరిదో చెప్పని పేజీ

కౌంటర్ వెనకాల మనిషి ‘సర్వర్ డౌన్’ అనగానే మనం ఇంటిదారి పడతాం. చాలాసార్లు ఆ మాట నిజం కాదు. తెర మీద 500 అనో 502 అనో కనబడిందంటే ఆ అంకెను పంపింది ఏదో ఒక సర్వరే. నిజంగా పడిపోయిన యంత్రం అంకెలు పంపదు. గుమ్మంలో మనిషి ఉన్నాడు, లోపలివాళ్లే పలకడం లేదు. అప్లికేషన్ పేజీలు రానప్పుడు కారణం వెతికే విద్యంతా ఈ గుమ్మం చుట్టూ పెరిగిందేనని నా వాదన.

మొదట్లో గుమ్మమే లేదు. టిమ్ బెర్నర్స్-లీ సెర్న్‌లో తన నెక్స్ట్ కంప్యూటర్ మీద నడిపిన తొలి సర్వర్‌కు అచ్చమైన శత్రువు పవర్ స్విచ్చే. ఇది సర్వర్, ఆపొద్దు అని దాని మీద ఎర్ర సిరాతో రాసిన చీటీ ఉండేది. అడిగిన ఫైల్ ఇవ్వడమే దాని పని. 1991 నాటి హెచ్‌టీటీపీలో తప్పుకు అంకె కూడా లేదు, మామూలు పేజీలాగే ఒక సంజాయిషీ వచ్చేది. 1993లో ఎన్‌సీఎస్‌ఏలో రాబ్ మెక్‌కూల్ రాసిన సర్వర్‌తో పాటు సీజీఐ వచ్చాక కథ మారింది. సర్వర్ ఇంకో ప్రోగ్రామ్‌ను లేపి, అది ముద్రించినదాన్ని బ్రౌజర్‌కు అందించాలి. ఒప్పందం చిన్నది: ముందు కంటెంట్-టైప్ లాంటి హెడర్, తర్వాత ఒక ఖాళీ లైను, ఆపైన పేజీ. అది తప్పితే 500.

ఆ రోజుల్లో ఎందరినో ఏడిపించిన లోపం ఒకటుంది. పెర్ల్ స్క్రిప్టును విండోస్‌లో రాసి యూనిక్స్ సర్వర్‌కు ఎక్కిస్తే, పెర్ల్ ఎక్కడుందో చెప్పే మొదటి లైను చివర కంటికి కనబడని ఒక అక్షరం మిగిలిపోయేది. యూనిక్స్ దాన్ని కూడా పేరులో భాగమనుకుని, అలాంటి పెర్ల్ ఎక్కడా లేదని తేల్చేది. ఫైల్ కళ్లెదుటే ఉంటుంది, సర్వర్ రాసుకునే లాగ్ మాత్రం ‘నో సచ్ ఫైల్’ అంటుంది! పక్క లైనులో అపాచీ సర్వర్ వాక్యం: ‘ప్రీమెచ్యూర్ ఎండ్ ఆఫ్ స్క్రిప్ట్ హెడర్స్’. హెడర్లు పూర్తికాకముందే అవతలివాడు నోరు మూశాడని దాని అర్థం. ఎందుకు మూశాడో సర్వర్‌కు తెలియదు. అన్నట్టు, అపాచీ పుట్టిందే ఈ మరమ్మతుల్లోంచి: మెక్‌కూల్ 1994లో ఎన్‌సీఎస్‌ఏ నుంచి వెళ్లిపోయాక అతని సర్వర్‌ను ఎవరికివారు బాగుచేసుకుంటున్నవాళ్లు తమ ప్యాచీలను 1995లో ఒకచోట చేర్చారు.

500 పేజీ మూగగా ఉండేది భద్రత కోసమే కదా అనొచ్చు. లోపలి సంగతులు దొంగలకు చెప్పకూడదన్నది సబబే, నేటి సర్వర్లు అందుకే వివరాలు దాస్తాయి. కానీ సీజీఐ కాలపు సర్వర్ దగ్గర దాచడానికి పెద్దగా ఏమీ లేదు. దాని మౌనం సగం అజ్ఞానం; జాగ్రత్త అనే పేరు ఆ మౌనానికి తర్వాత వచ్చింది.

ఇంకో అభ్యంతరం: ఇదంతా పాత చరిత్ర, ఇప్పటి పరికరాలు తప్పును అవే చూపిస్తాయి. చూపిస్తాయి, నిజమే. గుమ్మాలు కూడా పెరిగాయి మరి. 2004లో విడుదలైన ఎన్‌జిన్ఎక్స్ లాంటి సర్వర్లు ముందు నిలబడి పనిని వెనకాల వేరే ప్రాసెస్‌కు అప్పగిస్తాయి. వెనకనుంచి సరైన జవాబు రాకపోతే 502, ఆలస్యమైతే 504. ఆ 502 వెనక లాగ్‌లో లైనక్స్ ఇచ్చే మరో అంకె ఉంటుంది. 111 అయితే ఆ పోర్టులో వినేవాడే లేడు, అప్లికేషన్ ఆగిపోయి ఉండాలి. రీస్టార్ట్ చేస్తే తాత్కాలికంగానైనా లేస్తుంది. 13 అయితే అవతలివాడు బతికే ఉండొచ్చు, తలుపు తట్టడానికే అనుమతి లేదు. దానికి ఎన్ని రీస్టార్టులు కొట్టినా సాధారణంగా మళ్లీ అదే 13 వస్తుంది.