గాలిమర ఇల్లు

ఆడవాళ్ల రచనల గురించి ఎక్కడ నలుగురం కూర్చున్నా, వర్జీనియా వుల్ఫ్ అడిగిన గదీ, ఏడాదికి 500 పౌండ్ల ఆదాయమూ ఏదో ఒక సందర్భంలో మాటల్లోకి వస్తాయి. నేనూ ఎన్నోసార్లు ఆ మాట ఎత్తుకున్నదాన్నే. అయితే ఆ గది గురించి పుస్తకం రాయడానికి పదేళ్ల ముందే ఆమె ఒక ఇల్లు కొన్నదనీ, నెల తిరక్కుండానే దాన్ని వద్దనుకుందనీ చదివినప్పుడు నాకు కొత్త ప్రశ్నలు మొదలయ్యాయి. అది మామూలు ఇల్లు కాదు. ఒకప్పటి గాలిమర.

1919 నాటికి వర్జీనియా, లియొనార్డ్ వుల్ఫ్ లండన్ పక్కన రిచ్‌మండ్‌లో ఉండేవారు. నగరం రొదకు దూరంగా రాసుకోవడానికి ససెక్స్ పల్లెల్లో ఆషమ్ అనే ఇంటిని అద్దెకు తీసుకున్నారు. ఆ ఏడాది ఆ ఇల్లు ఖాళీ చెయ్యాల్సి వచ్చింది. ఇళ్లు వెతుకుతూ వర్జీనియా లూయిస్ పట్టణానికి వెళ్లింది. అక్కడ పైప్ పాసేజ్ అనే సన్నని సందులో గుండ్రటి ఇల్లొకటి కనిపించింది. 19వ శతాబ్దం మొదట్లో అక్కడ గాలిమర ఉండేది. కొన్నేళ్లకు పైన తిరిగే మరను ఊడదీసి వేరేచోటికి తరలించారు. కింద మిగిలిన గుండ్రటి కట్టడాన్ని మనుషులు ఉండే ఇల్లుగా మార్చారు. వర్జీనియా దాన్ని 300 పౌండ్లకు అప్పటికప్పుడే ఖాయం చేసేసింది. భర్త అప్పటికి ఆ ఇంటిని చూడనే లేదు.

ఆ తొందర నాకు అర్థమవుతుంది. ఆమె పుట్టి పెరిగిన హైడ్ పార్క్ గేట్ ఇల్లు ఎత్తుగా, ఇరుకుగా, చీకటిగా ఉండేది. తండ్రి చదువుకునే గది పై అంతస్తులో, వంటవాళ్లు నేలమాళిగలో. ఎవరు ఎక్కడ కూర్చోవాలో, ఎవరు ఎవరికి టీ పొయ్యాలో ఆ గోడలే చెప్పేవి. గాలిమరలో అలాంటి కట్టుబాట్లుండవు. అందులో ఎవరి సంసారమూ తరతరాలుగా గడిచి ఉండదు. పిండి విసరడానికి కట్టిన చోట కూర్చుని రాసుకుంటే, పాత అలవాట్లు గుమ్మం బయటే ఆగిపోతాయన్న ఆశ కలుగుతుంది. గుడిసెనో, గోదామునో, గాలిమరనో ఇల్లుగా మార్చుకోవాలన్న మోజులో ఇంటి రూపం మారితే బతుకూ మారుతుందన్న నమ్మకం ఎంతో కొంత ఉంటుందనుకుంటాను.

ఆ కొనుగోలు వెనక ఇంకో చరిత్ర కూడా ఉంది. ఇంగ్లండులో పెళ్లయిన స్త్రీ తన పేరున ఆస్తి ఉంచుకోవడానికీ, కొనడానికీ, అమ్మడానికీ పూర్తి వీలు కల్పించిన చట్టం 1882లో వచ్చింది. వర్జీనియా పుట్టిందీ ఆ ఏడాదే. ముప్ఫయ్యేళ్లు దాటిన స్త్రీలలో కొందరికి ఓటు వచ్చింది 1918లో. మరుసటి ఏడాదే 37 ఏళ్ల గృహిణి ఒకామె ఒంటరిగా వెళ్లి, ఎవరినీ సలహా అడక్కుండా ఇల్లు కొన్నది. ఆమె తల్లి మొదటి పెళ్లి చేసుకున్న 1867లో ఇది ఊహకందే పని కాదు. జీవిత చరిత్రల్లో మాత్రం ఈ ఘటన ఒక సరదా కథగా, ఆమె చపలత్వానికి ఉదాహరణగా రెండు వాక్యాల్లో అయిపోతుంది.

నిజమే, పొరపాటు జరిగింది. లియొనార్డ్‌కు ఇల్లు చూపించడానికి ఇద్దరూ రైలు దిగి నడుస్తుంటే దారిలో వేలం ప్రకటన ఒకటి కనిపించింది. దగ్గర్లోని రాడ్‌మెల్ గ్రామంలో మంక్స్ హౌస్ అనే పాత ఇల్లు, దాని తోట అమ్మకానికున్నాయి. అలాంటిదైతే మనకు సరిగ్గా సరిపోయేది అన్నాడు లియొనార్డ్. ఆ మాట విన్నాక గాలిమర దగ్గరికి వెళ్తే, మొన్న ముచ్చటగొలిపినవే లోపాలుగా కనిపించాయి. చుట్టూ పట్టణం, లోపల ఇరుకు, అతను కోరుకునేంత తోట లేదు. ఇల్లు బయటి నుంచి ఎలా ఉందో చూసి మురిసిందే తప్ప, అందులో ఇద్దరి రోజులు ఎలా గడుస్తాయో ఆమె చూసుకోలేదు.

తర్వాత ఆమె సైకిల్ మీద రాడ్‌మెల్ వెళ్లింది. ఈసారి తన ఉత్సాహాన్ని తనే వెనక్కి లాక్కుంటూ లోపాలు వరసగా లెక్కపెట్టుకుంది. గదులు చిన్నవి. వంటగది బాగా లేదు. వేడినీళ్లు లేవు. స్నానాల గది లేదు. తోట మాత్రం మనసు లాగేసింది. 1919 జులై 1న వేలంలో 700 పౌండ్లకు మంక్స్ హౌస్ వాళ్లదైంది. గాలిమర ఇంటిని అమ్మేశారు.

ఆమె గాలిమరను కొనడం తెలివితక్కువతనమనీ, ఇద్దరూ కలిసి మంక్స్ హౌస్ కొనడం వివేకమనీ చెప్పే తీరు దగ్గరే నాకు పేచీ. రెండో ఇంటి అవస్థలు తక్కువేమీ కావు. అసలు ఆ పేరే ఒక కల్పన. మంక్స్ హౌస్ అంటే సన్యాసుల ఇల్లు. లియొనార్డ్ పాత దస్తావేజులు తిరగేస్తే అందులో సన్యాసులెవరూ ఎన్నడూ ఉన్న దాఖలా లేదు. అమ్మకం కోసం తగిలించిన పేరది. ఇల్లు తోట కంటే పల్లంలో ఉండడంతో పెద్ద వానలకు నీళ్లు వంటగదిలోకి వచ్చేవి. మరుగుదొడ్డి తోటలో. వేడినీళ్ల స్నానాల గది, ఇంట్లోనే మరుగుదొడ్లు 1926లో గాని అమరలేదు. అదీ 1925లో వచ్చిన ‘మిసెస్ డాలోవే’, ‘ది కామన్ రీడర్’ పుస్తకాల డబ్బుతో. కరెంటు వచ్చింది 1931లో. వింత ఇల్లు కొనేవాళ్లకు ధర వేలంతో ముగియదు. ఏళ్ల తరబడి ఇల్లు అడుగుతూనే ఉంటుంది, మనం పెడుతూనే ఉంటాం.

డబ్బు వర్జీనియా పెట్టింది. ఒళ్లు వంచింది ఎవరు? 1916 నుంచి వాళ్లింట్లో వంట చేసిన నెల్లీ బాక్సాల్, ఆమెతో పాటు చేరిన లాటీ హోప్. ఏ ఇంట్లో ఉండాలో వాళ్లనెవరూ అడగలేదు. కుళాయి లేని ఇంట్లో నీళ్లు మొయ్యడం, తడిసిన వంటగదిలో పొయ్యి రాజెయ్యడం, చెంబులు దొరలు వాడుకున్నాక కడగడం అన్నీ ఆ ఇంటి అందంలో భాగమే. కాకపోతే ఆ భాగం ఇంటి వర్ణనల్లోకి రాదు. ఈ పనిమనుషుల జీవితాల మీద అలిసన్ లైట్ 2007లో ఒక పుస్తకమే రాసింది. అది చదివాక మంక్స్ హౌస్ తోట ఫొటోలను మునుపటిలా చూడలేకపోయాను.

1929 నాకు మరీ విచిత్రంగా తోస్తుంది. ‘ఒర్లాండో’ నవల మీద వచ్చిన డబ్బుతో ఆ ఏడాది ఇంటికి ఒక పడకగది కలిపి కట్టించారు. దానికీ ఇంటికీ మధ్య తలుపు లేదు. వానైనా మంచైనా వర్జీనియా తోటలోంచే తన గదికి వెళ్లాలి. తనకంటూ గది అంటే అలాంటిదే కదా అనిపిస్తుంది. ఆ శరత్తులోనే గది గురించిన పుస్తకమూ వెలువడింది. అది వచ్చిన కొద్ది వారాలకే లండన్ ఇంట్లో ఒక గొడవ జరిగింది. నెల్లీ యజమానురాలిని తన గదిలోంచి బయటికి పొమ్మన్నది. వర్జీనియా ఆ అవమానాన్ని మర్చిపోలేదు. 1934లో, 18 ఏళ్ల కొలువు తర్వాత, నెల్లీని పనిలోంచి పంపేశారు.

నెల్లీ అడిగింది కూడా గదే. కాకపోతే ఆ గది ఆమెది కాదు. ఉద్యోగం ఉన్నంతకాలమే ఆమెది.

ఆస్తి హక్కు అంటే మంచి ఇల్లు కొనుక్కునే హక్కు మాత్రమే అనుకునేదాన్ని. తప్పు ఇల్లు కొనే హక్కు, తప్పని తెలిశాక అమ్మేసి ఇంకోటి వెతుక్కునే వెసులుబాటు కూడా అందులోవే. వర్జీనియాకు అవి దక్కాయి, అందుకు నాకు సంతోషమే. గాలిమర కొన్నందుకు ఆమెను చూసి నవ్వాలనిపించదు. కానీ ఏ వింత ఇంటి కథ విన్నా, అందులో వంటగది ఎక్కడుంది, నీళ్లు ఎక్కడినుంచి వస్తాయి, అవి మోసుకొచ్చే మనిషి రాత్రి ఎక్కడ పడుకుంటుంది అని అడక్కుండా ఇప్పుడు ఉండలేకపోతున్నాను.