ఎవరి సౌదీ?

2007లో ప్రాజెక్టు పని మీద రియాద్ వెళ్తున్నానని చెప్పగానే మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. "అక్కడ చేతులు నరికేస్తారటరా!" అంది. మా మావయ్య మాత్రం, "రెండేళ్ళు ఓపిక పడితే ఇల్లు కట్టేస్తావు" అన్నాడు. ఇద్దరూ సౌదీని చూసినవాళ్ళు కాదు. అమ్మకి టీవీ వార్తల్లో కనపడింది, మావయ్యకి గల్ఫు నుంచి వచ్చినవాళ్ళ మెడలోని గొలుసుల్లో కనపడింది.

ఇలాంటి బొమ్మలకీ ఒక చరిత్ర ఉంది. 1921 నాటి హాలీవుడ్ సినిమా 'ది షేక్'లో అరబ్బు అంటే గుర్రమెక్కి ఎడారిలో తిరిగే ప్రేమికుడు. 1938లో దమ్మామ్ ఏడో నంబరు బావిలో చమురు పడింది. 1973 అక్టోబరులో, యుద్ధంలో ఇజ్రాయెల్‌ని బలపరుస్తోందని అమెరికాకి అరబ్ దేశాలు చమురు ఆపేశాయి. మూడు డాలర్ల పీపా కొద్ది నెలల్లో పన్నెండుకు చేరువైంది. అమెరికాలో పెట్రోలు బంకుల ముందు కార్లు బారులు తీరాయి. దాంతో కార్టూన్లలో షేకు చేతికి డబ్బుసంచీ వచ్చింది. జాక్ షాహీన్ అనే ప్రొఫెసరు తొమ్మిది వందలకు పైగా సినిమాలు పరిశీలించి 2001లో ఒక పుస్తకం వేశారు. అరబ్బుల్ని మంచిగా చూపినవి డజను మాత్రమేనని తేల్చారు.

ఆ సినిమాల్లో కనపడని మామూలు అరబ్బు నాకు ఆఫీసులో పక్క సీట్లోనే దొరికాడు. ఆయన బాధలన్నీ ఇంటి అప్పు, కొడుక్కి లెక్కల్లో మార్కులు, రియాద్ ట్రాఫిక్కు. పొద్దున్నే ఏలకులు వేసిన గహ్వా ఫ్లాస్కులో తెచ్చి, ఖర్జూరాలతో సహా అందరికీ పంచేవాడు. ఓసారి నన్నడిగాడు, "మీ దేశంలో వర్షమొస్తే అందరూ డాన్సు చేస్తారా?" అని. ఆయనకి మనం బాలీవుడ్ సినిమాల్లో కనపడ్డాం మరి!

టీవీలో చూపేదంతా అబద్ధమని ఇంటికి ఫోన్ చేసి చెప్పేశాను. ఆ ధీమాతోనే ఒక శుక్రవారం బత్హా బజారుకు వెళ్ళాను. సెలవు రోజు మన దేశపు కూలీలందరూ అక్కడే చేరేవారు. నిజామాబాదు నుంచి వచ్చిన ఒక తాపీమేస్త్రీ పరిచయమయ్యాడు. నా మాటలన్నీ విని నవ్వాడు. "మీది ఆఫీసు సౌదీ సారూ, మాది క్యాంపు సౌదీ" అన్నాడు. అతని పాస్‌పోర్టు యజమాని దగ్గరుంది. ఏజెంటుకి కట్టిన డబ్బు మీద ఊళ్ళో వడ్డీ పెరుగుతోంది. తల్లికి బాగాలేకపోయినా, యజమాని ఒప్పుకుంటే తప్ప దేశం దాటడానికి లేదు. 'కఫాలా' పద్ధతి అలాంటిది.

నాకు మాట రాలేదు. సినిమాలవాళ్ళు చేసిందే నేనూ చేశాను. నాకు కనపడిన ముక్కనే దేశమనుకున్నాను. అమ్మ భయం కూడా వట్టి పుకారేం కాదు, ఆ శిక్ష అక్కడి చట్టంలో ఉన్నదే.

తర్వాత చాలా మారింది. 2018 ఏప్రిల్‌లో సినిమా హాళ్ళు తెరుచుకున్నాయి, జూన్‌లో ఆడవాళ్ళు కారు నడపడం మొదలైంది. 2021 మార్చిలో, దేశం విడిచి వెళ్ళడానికి యజమాని అనుమతి అక్కర్లేదని చాలామంది కార్మికులకు సడలింపు ఇచ్చారు. ఇళ్ళల్లో పనిచేసేవాళ్ళకి, డ్రైవర్లకి అప్పుడది వర్తించలేదు. పేపర్లలో బొమ్మ కూడా మారి, ఫుట్‌బాల్ తారలు, సంగీత కచేరీలు వచ్చాయి. ఆ మేస్త్రీ మాత్రం పాత బొమ్మలోనూ లేడు, కొత్త బొమ్మలోనూ లేడు.

ఇక్కడ అమెరికాలో మిత్రులు "సౌదీ ఎలా ఉంటుందండీ?" అని అడుగుతుంటారు. "ఏ వీసా మీద వెళ్ళినవాడి సౌదీ?" అని అడిగిన తర్వాతే నేను కబుర్లు మొదలుపెడతాను.