ఫ్లడ్ ఫిల్: వేగమునకును మెమొరీకిని నడుమ

ఫ్లడ్ ఫిల్ అనునది చిత్రములోని యొక పిక్సెల్ నుండి బయలుదేరి, దానికి ఎడతెగక అంటియున్న అదే వర్ణపు పిక్సెళ్లనన్నిటిని వెదకి, వానికి వేరొక వర్ణమునో గుర్తునో ఒసగు గణనవిధి. చెరువులోనికి వదలిన నీరు గట్టు అడ్డుపడువరకు పల్లమంతయు ఆక్రమించునట్లు ఇది హద్దు తగులువరకు వ్యాపించును. చిత్రలేఖనమున రంగు నింపుటకేగాక, అచ్చుపుటలోని సిరాగుర్తులను వేరుపరచుటకును ఇది ఒక ఆధారము; తెలుగువారికి ఈ రెండవ ప్రయోజనమే ముఖ్యతరమని చెప్పవలెను.

ఖమ్మము జిల్లా నేలకొండపల్లిలో జన్మించిన కంచెర్ల గోపన్న రచించిన దాశరథీ శతకమును కంప్యూటరుచే చదివింపదలచితిమనుకొందము. ఏ4 పరిమాణముగల పుటను అంగుళమునకు 300 చుక్కల చొప్పున స్కాన్ చేసినచో 2480 అడ్డుగను 3508 నిలువుగను, అనగా సుమారు 87 లక్షల పిక్సెళ్లు ఏర్పడును. వానినుండి యంత్రము మొదట గ్రహింపవలసినవి ఒకదానికొకటి అంటియున్న నల్లచుక్కల సమూహములు, అనగా సంలగ్నఖండములు. ‘నేలకొండపల్లి’ అను పేరునందే సున్న ప్రత్యేకఖండము. లకారపు వొత్తు సాధారణముగ వేరొకటి. పకారపు తలకట్టు పెక్కు ముద్రాక్షరశైలుల యందు ఒడలిని తాకక విడిగ నిలుచును.

ఇట్టి ఖండములకు క్రమముగ గుర్తులిచ్చు పద్ధతిని 1966లో అజ్రియల్ రోజెన్‌ఫెల్డ్, జాన్ ఫాల్ట్జ్ ప్రకటించిరి. పుటను రెండు పర్యాయములు చదువుట, మొదటి పర్యాయమున ఏయే గుర్తులు ఒకే ఖండమునకు చెందినవో పట్టికలో వ్రాసికొనుట, రెండవ పర్యాయమున వానిని ఏకము చేయుట దాని క్రమము. పట్టిక పెరిగినకొలది మెమొరీ చాలకపోవుచుండెను గనుక, 1981లో రాబర్ట్ హారలిక్ పట్టికనే విడనాడి పుటను ముందునకును వెనుకకును పలుమారులు చదువు మార్గమును చూపెను. మెమొరీ మిగిలినది గాని కాలము హరించినది. 1983లో లుమియా, షపీరో, జునిగా అను మువ్వురు ఒక్కొక్క వరుసకు మాత్రమే చాలు చిన్నపట్టికను ఉంచి ఈ రెంటికిని సంధి కుదిర్చిరి.

రంగులు నింపు శాఖ వేరుగ పెరిగినది. జిరాక్స్ సంస్థవారి పాలో ఆల్టో పరిశోధనాలయమున రిచర్డ్ షూప్ 1973లో నడపిన సూపర్‌పెయింట్ అను చిత్రలేఖన వ్యవస్థ యందు 640 అడ్డు, 486 నిలువు పిక్సెళ్ల చిత్రమునకే మూడు లక్షలకు పైగా బైట్లు వలసియుండెను. అట్టి కాలమున, ప్రతి పిక్సెలును తన నాలుగు పొరుగులను వెదకుటకు మరల తన్నుతానే పిలుచుకొను పునరావృత్తి పద్ధతి, వ్రాయుటకు నాలుగు పంక్తులే యైనను, నడపుటకు దుర్భరమైనది. 1984 నాటి మెకింటాష్ తెరపై 512 అడ్డు, 342 నిలువు పిక్సెళ్లుండెను. ఆ తెరనంతయు ఇట్లు నింపునెడల పిలుపుల లోతు దాదాపు 1,75,000 వరకు పోగలదు, ఒక్కొక్క పిలుపునకు 16 బైట్లే యనుకొన్నను 28 లక్షల బైట్లు కావలెను. ఆ యంత్రపు మెమొరీయో, 1,31,072 బైట్లు మాత్రమే. ఈ పిలుపులను పేర్చు స్టాకునకు బదులు, ముందు చేరినది ముందు వెలువడు క్యూను పెట్టి, చేర్చునపుడే పిక్సెలును గుర్తించినచో, వ్యాపించుచున్న అంచు మాత్రమే మెమొరీలో నిలుచును గనుక భారము మిక్కిలి తగ్గును.

అయినను నిజమైన పురోగతి పిక్సెలును విడిచి వరుసను ప్రమాణముగ గైకొనుటతో కలిగినది. 1978లో హెన్రీ లీబర్‌మన్, 1979లో అల్వీ రే స్మిత్ ప్రకటించిన వ్యాసములు ఈ దశకు చెందినవి. ఎడమనుండి కుడికి హద్దు తగులువరకు ఒక్క ఊపున నింపి, పైవరుసలోను క్రిందివరుసలోను కొత్త ఖండము మొదలగు చోట్లను మాత్రమే స్టాకులో దాచుట దీని మర్మము. 1990లో పాల్ హెక్‌బర్ట్, నింపు విధి ఏ వరుసనుండి వచ్చెనో గుర్తుంచుకొని, చదివినదానినే మరల చదువు వృథాశ్రమను తగ్గించెను. తక్కిన సంస్కరణలలో పెక్కు ఒకదానినిచ్చి మరియొకదానిని కొన్నవే. ఈ వరుసపద్ధతి మాత్రము వేగమును, మెమొరీని ఏకకాలమున లాభింపజేసినది.

మెమొరీని దాదాపు పూర్తిగ వదలుకొన్నవారును కలరు. కొలది గుర్తులను మాత్రమే చేతబట్టి, హద్దు వెంట నడచుచు పూరించు విధిని 1994లో డొమినిక్ హెన్రిష్ వివరించెను. చిత్రము పెద్దదైనను అదనపు మెమొరీ పెరుగదు గాని, వంకరలు గల క్షేత్రమున అదే పిక్సెలు చుట్టును మరల మరల తిరుగవలసివచ్చును.

తెలుగు ముద్రణాక్షరముల గుర్తింపుపై ఎస్.ఎన్.ఎస్. రాజశేఖరన్, బి.ఎల్. దీక్షితులు 1977లోనే పరిశోధన ప్రకటించిరి. 2001లో హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన అతుల్ నేగి, చక్రవర్తి భగవతి, బి. కృష్ణ సంలగ్నఖండములనే ఆధారముగ గొని, పదివేల వరకు ఎన్నదగు లిపిరూపములను 370 మూసలతో గుర్తింపవచ్చునని నిరూపించిరి. వారి విధి సుమారు 92 శాతము సరిగ చదివెను. ఇట్టి పనియందు పొరుగు నిర్ణయము వేగముకంటె గడ్డుప్రశ్న. ఎనిమిది దిక్కుల పొరుగును అంగీకరించినచో మూలమాత్రము తాకిన వొత్తు అక్షరముతో కలిసిపోవును. నాలుగు దిక్కులకే పరిమితమైనచో సన్నని ఏటవాలు గీత ముక్కలగును.