ముషీరాబాద్‌లో మనవాళ్ళు ఎక్కడున్నారు?

అశోక్‌నగర్‌లో కోచింగ్, చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో చదువు, రాత్రికి హాస్టల్. తండాల నుంచి, గూడేల నుంచి వచ్చిన మన పిల్లలకు తెలిసిన ముషీరాబాద్ ఇదే. ఇక్కడ మనం అందరితో కలిసి ఉంటున్నామా, విడిగానా? దీన్ని లెక్కగట్టే పద్ధతి ఒకటుంది.

అమెరికాలో నల్లవాళ్ళు, తెల్లవాళ్ళు వేరువేరు పేటల్లో ఉండటాన్ని కొలిచే సూచికను 1955లో డంకన్ దంపతులు ప్రచారంలోకి తెచ్చారు. లెక్క కష్టమేమీ కాదు. ఒక పట్నంలో రెండే వార్డులనుకోండి. మన 100 కుటుంబాల్లో 80 మొదటి వార్డులో, 20 రెండో దాంట్లో. మిగతా 1000 కుటుంబాల్లో 400 మొదటి దాంట్లో, 600 రెండో దాంట్లో. అంటే మనవాళ్ళు 80 శాతం ఉన్నచోట వాళ్ళు 40 శాతమే. సమానంగా కలవాలంటే మనలో 40 కుటుంబాలు ఇల్లు మారాలి. సూచిక 40. సున్నా అయితే పూర్తిగా కలిసినట్టు, 100 అయితే పూర్తిగా విడిపోయినట్టు.

2001 జనాభా లెక్కలతో ట్రీనా వితయత్తిల్, గాయత్రీ సింగ్ హైదరాబాద్‌తో సహా ఏడు మహానగరాలను ఇలాగే కొలిచి 2012లో ప్రచురించారు. డబ్బు తేడా కన్నా కులం తేడాయే జనాన్ని ఎక్కువగా విడదీస్తోందని తేలింది. అద్దె ఇల్లు వెతికిన ఎవరికీ ఇది కొత్త కాదు!

కానీ పాత లెక్కతో కొత్త లెక్కను పోల్చేముందు మన చరిత్ర చూడాలి. తెలంగాణలో లంబాడీలు ఎస్టీ జాబితాలోకి వచ్చింది 1976 చట్టంతోనే. అందుకే 1971లో నగరంలో ఉన్న లంబాడీ కుటుంబం ఎస్టీ గడిలో లేదు, 1981లో ఉంది. మనుషులు మారలేదు, జాబితా మారింది. 2007లో జీహెచ్‌ఎంసీ ఏర్పడింది కాబట్టి 2001 వార్డులను 2011 వార్డులతో నేరుగా పోల్చడం కూడా కుదరదు.

2011లో హైదరాబాద్ జిల్లాలో ఎస్టీలు 1.24 శాతం, 49 వేల లోపే. ఇంత చిన్న సంఖ్యలో ఒక్క హాస్టల్ కూడా లెక్కను కదిలిస్తుంది. ఎస్టీలు దాదాపు లేని వార్డులో నూరుమంది పిల్లలుండే హాస్టల్ వస్తే, ఆ వార్డు బాగా కలిసిపోయినట్టు సూచిక చూపవచ్చు. హాస్టల్ గేటు లోపల ఉన్నదంతా మనవాళ్ళేనని దానికి తెలియదు. చదువు ముగించి పక్కవీధిలో గది అడిగితే "మీరేమిట్లు?" అని అడిగారని చెప్పడానికి మా పాత పిల్లలు ఇంకా వస్తూనే ఉన్నారు.